పదహారు బటన్ల డబ్బా

మా అత్తమ్మ గొంతు తీసెయ్యాలని డాక్టరమ్మ చెప్పేనాటికి కందిచేలు ఇంకా పూత మీదే ఉన్నాయి. వికారాబాద్ ఆసుపత్రిలోని ఆ చిన్న గదిలో ముగ్గురమే ఉన్నాం: డాక్టర్ పద్మారాణి, మా అత్తమ్మ మొగులమ్మ, నేను. నా మొగుడు చంద్రకాంత్‌కు ఆ రోజు కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ. రాకపోవడమే మంచిదైంది. వచ్చి ఉంటే ముందు అతన్ని ఓదార్చాల్సి వచ్చేది.

"ప్రాణానికి భయం లేదమ్మా, గడ్డ ఇంకా పక్కలకు పాకలేదు," అంది డాక్టరమ్మ. "కానీ మాట పుట్టే పెట్టె మొత్తం తీసెయ్యాలి. మెడ మీద రంధ్రం పెడతారు. ఇక ఊపిరంతా దాన్లోంచే. మాట రాదు."

"గుసగుస గూడ రాదా?" అన్నాను.

"రాదు. కొన్ని నెలలయ్యాక గొంతుకు ఆనించి మాట్లాడే మిషన్ ఇస్తారు. నేర్చుకోవాలి." ఫోన్‌లో ఆ మిషన్ గొంతు వినిపించింది.

అత్తమ్మ వంగి విని మొహం చిట్లించింది. "గిది తుమ్మెద మొత్తుకున్నట్టున్నది. నాకద్దు." ఆ తర్వాత నవ్వింది. "నా నోరు మూయించెతందుకు మా ఆయిన ముప్పై ఏండ్లు తండ్లాడి సచ్చిపోయిండు డాక్టరమ్మా. మీరు ఒక్క పూటల చేస్తరన్నమాట."

డాక్టరమ్మ నవ్వలేదు. ఇరవై రోజుల్లో హైదరాబాద్‌లో ఆపరేషన్ అని కాగితం రాసిచ్చింది.

తిరుగు ప్యాసింజర్ బండిలో కిటికీ పక్కన కూర్చున్న అత్తమ్మ తాండూరు దాకా నోరు తెరవలేదు. నాకు అసలు భయం అప్పుడేసింది. మా ఊళ్లో ఇరవై మంది ఆడకూలీలకు ఆమె మేస్త్రి. పొద్దున్నే వీధి మొదట్లో నిలబడి "పదండ్రే!" అంటే మూడు వాడలకు వినిపిస్తుంది. కర్ణాటక వైపు నుంచి వచ్చే ఆడవాళ్లకు తెలుగు సగమే వచ్చు, అయినా ఆమె కేకను బట్టి సాలు మారుస్తారు. ఇంట్లోనూ అంతే. ఆమె గొంతు విని మేం లేస్తాం, తింటాం, తిట్లు తింటాం. తంబాకు నమిలి నమిలి ఆ గొంతును తనే పాడుచేసుకుందని నాకు కోపం కూడా ఉంది, అబద్ధమెందుకు. స్టేషన్‌లో దిగాక నా భుజం పట్టుకుని ఆగిపోయింది.

"పిల్లా, ఇగ కైకిలోళ్లను ఎట్ల పిలవాలె నేను? ఇంట్ల ఎవలకన్న ఏమన్న చెప్పాలంటె ఎట్ల? మూలకు కూసోని మిమ్ముల సూసుకుంట ఉండుడేనా?"

ఆటో పిలిచాను.

నాకు తీగలంటే పిచ్చి. వికారాబాద్‌లో ఐటీఐ ఎలక్ట్రానిక్స్ చదివాను. ఉద్యోగం రాలేదు గానీ పిచ్చి మాత్రం ముదిరింది. మా ఇంట్లో చెడిపోయిన వస్తువును పారేసే హక్కు ఎవరికీ లేదు. మంచం కింద రెండు గోనెసంచుల నిండా పాత రేడియోలు, చార్జర్లు, బొమ్మకార్ల మోటార్లు. ఆ ఏడు ఎండాకాలంలో నీళ్ల ట్యాంకుకు ఒక డబ్బా బిగించాను. ట్యాంకు నిండగానే అది నా గొంతుతో "నీళ్లు నిండినయ్, మోటర్ బంద్ చెయ్యుండ్రి" అంటుంది. అత్తమ్మ దానికి రెండో కోడలని పేరు పెట్టింది. "మొదటిదానికన్న గిదే నయం, ఒక్క మాట చెప్పి ఊకుంటది" అని వాడంతా చెప్పుకుంది.

ఆ రెండో కోడలే నాకు దారి చూపించింది. మర్నాడు మధ్యాహ్నం అది అరుస్తుంటే నేను బట్టలుతుకుతూ ఆగిపోయాను. నేనిక్కడుంటే నా గొంతు అక్కడ మాట్లాడుతోంది కదా! మెమరీ కార్డులోని పాటలు మోగించే వేలెడంత బోర్డు నా దగ్గర ఉంది. దానికి పదహారు బటన్లు తగిలించొచ్చు. బటన్‌కో మాట. పాత బ్లూటూత్ స్పీకరు, పాత పవర్ బ్యాంకులోని బ్యాటరీ, అన్నీ ఆ గోనెసంచుల్లోనే దొరుకుతాయి. మాటలు మాత్రం ఆపరేషన్ కాకముందే ఆమె గొంతులోంచి పట్టుకోవాలి. ఇప్పటికే సాయంత్రానికి బొంగురుపోతోంది.

ఉతికే బట్టలు అలాగే వదిలేసి మాటల పట్టీ రాశాను. అన్నం, నీళ్లు, నొప్పి, మందు, బాత్రూం, చలి, దుప్పటి. తీసుకెళ్లి చదివి వినిపించాను. అత్తమ్మ పప్పు చెరుగుతూ వింది.

"గివన్ని మంచాన పడ్డోళ్ల మాటలు," అంది. "నేను లేవనా మరి?"

"లేస్తవు. ఎందుకు లేవవు?"

"మరి కొట్టెయ్. నీళ్లకు నోరెందుకే? చెంబు సూపిస్త. నేను బాత్రూంకు పోతె ఊరికి చాటాల్నా?" చేట పక్కన పెట్టింది. "రాయి. పదండ్రే. అది మొదలు."

రాశాను.

"ఎందుకు? గదొకటి. ఎందుకు అని అడగకపోతె ఇంట్ల నా మాట ఎవడింటడు? అద్దు. గది గూడ రాయి. నీ మొకం."

"నీ మొకమా? అదెందుకత్తమ్మా?"

"మీ ఆయిన ఫోన్ సూస్కుంట అన్నం తింటడు గద, అప్పుడు."

అలా సాగింది. చర్చిలో చెప్పడానికి "ప్రభువా". ఎవరైనా కాళ్లకు దండం పెడితే "సల్లగుండు". వింత చూస్తే "అగ్గో!" కొడుకుకు "చంద్రీ", మనవరాలికి "అక్షరా". నా పేరు రాయబోతే వద్దంది. "నిన్ను నేనెప్పుడన్న నిరోషా అన్ననా? పిల్లా అని పెట్టు." లెక్క చూస్తే ముప్పై దాటింది. పదహారే పడతాయంటే నమ్మదు. కావాలని తగ్గిస్తున్నానని అలిగింది. "నేనేమన్న కంపెనీనా అత్తమ్మా, సంచుల్ల దొరికిన సామానుతోటి చేస్తున్న" అని నేనూ గట్టిగానే అన్నాను. రెండు రోజులు కొట్లాడుకుని పదహారుకు దించాం.

ఆమెకు చదువు రాదు. బటన్ల మీద అక్షరాలు రాస్తే లాభం లేదు. అందుకు ఉపాయం ఆమే చెప్పింది. వేలితో తడిమి గుర్తుపట్టేలా బటన్‌కో గింజ అంటించమంది. పదండ్రే మీద కందిగింజ, అద్దు మీద చింతగింజ, అక్షర మీద గాజుపూస, కొడుకు మీద అతని చొక్కా గుండీ. నా బటన్ వచ్చేసరికి నా బల్ల మీద చల్లారి పడున్న, తీగలు అతికే సోల్డర్ బొట్టు ఏరి ఇచ్చింది. "గిదే నువ్వు," అంది. తిట్టో మెప్పో నేను అడగలేదు.

మా వీధిలో పొద్దంతా నాపరాళ్ల లారీలు తిరుగుతాయి. ఆ మోత పడకుండా తలుపులు మూసి, నడింట్లో గొంగడి కప్పుకుని ఇద్దరం దాని కింద కూర్చున్నాం. పట్టపగలు చెమటలు కారుతున్నాయి. ఆమె మోకాలు నా మోకాలికి తగులుతోంది. పెళ్లయి తొమ్మిదేళ్లయినా ఆమెకు అంత దగ్గరగా నేనెప్పుడూ కూర్చోలేదు.

"జర దూరంగ పెట్టుకో అత్తమ్మా, ఫోన్ పగిలిపోయేటట్టున్నది."

"ఊఁ."

"మల్లొకసారి అను. ఎవల్నో కొట్టబోతున్నట్టు కాకుండ."

"ఊఁ. పదండ్రే!"

"మంచిగొచ్చింది. ఇప్పుడు సల్లగుండు. మెల్లగ, దీవిస్తున్నట్టు."

సల్లగుండు అనబోయి ఆగింది. గొంగడి కింద చీకట్లో ఆమె మొహం నాకు కనిపించలేదు. "ఇగ జర సేపైనంక అంట," అంది. మళ్లీ అన్నప్పుడు గొంతు బాగానే ఉంది.

మాటకు ముందూ వెనుకా ఉన్నదంతా శుభ్రంగా కోసేశాను. దగ్గు, హారన్లు, నా గొంతు, ఆమె సణుగుడు. పదహారు మాటలు కడిగినట్టు మిగిలాయి. కార్డులోకి ఎక్కించి, ఆ రికార్డింగులో మిగతాదంతా ఫోన్‌లోంచి తీసేశాను. ఆసుపత్రిలో రిపోర్టులు ఫోటోలు తీసుకోవాలి, జాగా కావాలి కదా.

ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయేముందు ఆమె చివరగా అన్న మాట నర్సుతో. "జర నా గాజులు భద్రం బిడ్డా." ఆ తర్వాత ఆ గొంతు మేం మళ్లీ వినలేదు, నేను చేసిన డబ్బాలోనో పాత వీడియోల్లోనో తప్ప.

ఇంటికొచ్చేసరికి చేలు కోతకొచ్చాయి. అత్తమ్మ మెడ మీది రంధ్రానికి అడ్డంగా పల్చటి తెల్లగుడ్డ కట్టుకుంటుంది. దాని వెనక నుంచి ఊపిరి గుర్రుమని వస్తుంది. రెండో తరగతి చదువుతున్న మా అక్షర దాన్ని చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మంటే రాదు. అంతకుముందు ఆమె ఒళ్లోంచి దిగనిది, ఇప్పుడు గోడకు అంటుకుని నడుస్తోంది. అత్తమ్మ అది చూసి గుడ్డను ఇంకా పైకి లాక్కుంది.

డబ్బా మాత్రం దివ్యంగా పనిచేసింది. మొదటి రోజే నా మొగుడికి అన్నం దగ్గర "నీ మొకం" పడింది. అతను ఫోన్ పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంటూ తిన్నాడు. జనవరి ఆఖర్లో, డాక్టర్లు సరేనన్నాక, చేను గట్టు దాకా నేనే తీసుకుపోయాను. కూరగాయల బండ్లకు పెట్టే మైకు డబ్బాకు కలిపాను. కూలీలు చెట్ల కింద కూర్చుని కబుర్లాడుతున్నారు. అత్తమ్మ కందిగింజను తడిమి నొక్కింది.

"పదండ్రే!"

యాదమ్మ చేతిలోంచి కొడవలి జారిపోయింది. యాదమ్మ ఆమెతో పాటు పాతికేళ్లుగా కూలికి పోతున్న మనిషి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ వచ్చింది. "ఓ మొగులమ్మా, నీ నోరు పోయిందంటిరి గదనే!"

"నీ మొకం," అంది డబ్బా.

ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. కన్నడం ఆమె ఒకతి డబ్బాకే దండం పెట్టింది. సాలు పట్టి అందరూ వంగారు. గట్టు మీద కూర్చుని అత్తమ్మ అద్దు అంటే ఆగారు, పదండ్రే అంటే కదిలారు. అబ్బో, ఆ రోజు నా అంతటిది లేదనుకున్నాను.

ఆ వారంలోనే నా గర్వం దిగింది.

అక్షరకు చిన్నప్పటినుంచీ ఒక అలవాటు. బడి నుంచి రాగానే సంచి విసిరేసి, ఆ రోజు బడిలో జరిగిందంతా నాయినమ్మకు చెప్పాలి. నాకు చెప్పదు, నాకు ఓపిక లేదని దానికి తెలుసు. డబ్బా మాటలు విని విని దాని భయం కొంచెం తగ్గింది. ఆ సాయంత్రం వచ్చి రెండు బారల దూరంలో కూర్చుంది.

"నాయినమ్మా, ఇయ్యాల పూజిత టీచర్ ఏం చేసిందో ఎరికేనా?" అని ఆగింది.

అత్తమ్మ మొహం వెలిగిపోయింది. ఎన్ని వారాలైంది పిల్ల కబురు చెప్పి! గబగబా నొక్కింది. "ఎందుకు?"

"ఎందుకు కాదు నాయినమ్మా. ఊ కొట్టు."

"అగ్గో!"

"నేనింక ఏం చెప్పనే లేదు, అగ్గో అంటవేంది? ఊఁ అను."

అత్తమ్మ వేళ్లు గింజల మీద పరుగెత్తాయి. కంది, చింత, పూస, గుండీ. మొదటినుంచి మళ్లీ తడిమింది. పిల్ల కాసేపు చూసింది. "ఊ కొట్టకపోతె నేను చెప్ప," అని లేచి లోపలికి పోయింది.

అత్తమ్మ డబ్బాను నావైపు తోసింది. ఏది అని కళ్లతోనే అడిగింది.

ఊఁ మేం రాయలేదు. రెండు రోజులు కొట్లాడుకుని పదహారు మాటలు ఏరుకున్నాం గానీ, ఊఁ ఒక మాటని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మాటంటే మనం చెప్పేదే అనుకున్నాం. ఎదుటివాళ్లు చెప్పేటప్పుడు అనేది లెక్కలోకే రాలేదు. ఫోన్ తీసి వెతికాను. అక్షర పుట్టినరోజు వీడియోలో అత్తమ్మ పాట పాడుతోంది, పెళ్లి వీడియోలో ఎవరినో తిడుతోంది. ఊఁ ఎక్కడా లేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. గొంగడి కింద నేను మాట్లాడినప్పుడల్లా అంది కదా! మల్లొకసారి అంటే ఊఁ. దూరంగ పెట్టు అంటే ఊఁ. ఇరవయ్యో ముప్పయ్యో ఉండి ఉంటాయి. మాటలు శుభ్రంగా ఉండాలని ఒక్కొక్కటే చూసి కోసి పారేసింది నేనే.

ఏడుపొచ్చింది. ఆమెతో చెప్పడానికి నోరు రాలేదు. "చేసిపెడ్త అత్తమ్మా, రేపటికల్ల చేసిపెడ్త," అని మాత్రం అన్నాను.

మర్నాడు పొద్దంతా అదే పని. డబ్బాలో ఉన్న "ఇటు సూడు" అన్న మాటలోంచి ఊ ఒక్కటి కోశాను. సాగదీశాను, మెత్తగా చేశాను. ఒక బటన్‌లో పెట్టి, బడి నుంచి వచ్చిన పిల్లకు వినిపించాను.

"ఇది సైకిల్ హారన్," అంది అక్షర.

అత్తమ్మ కూడా విని చెయ్యి ఊపేసింది. వాళ్లిద్దరి మీదా నాకు కోపమొచ్చింది. బల్ల దగ్గరికి వచ్చి సోల్డర్ గన్ మళ్లీ వేడిపెట్టాను. దేనికోసమో నాకే తెలీదు. అసలైన ఊఁ దొరికినా ఏం చేసేదాన్ని? కథ ఆగితే ఒక ఊఁ, నమ్మకపోతే ఇంకో ఊఁ, నవ్వొస్తే దీర్ఘం తీసి ఇంకొకటి. పదహారు బటన్లూ దానికే ఇచ్చినా సరిపోవు.

వెనక నుంచి "అక్షరా" అని డబ్బా పిలిచింది. తిరిగి చూశాను. అత్తమ్మ డబ్బాను తీసి గోడ వారగా నేల మీద పెట్టేసింది. నీళ్ల బకెట్ వైపు వేలు చూపించింది. పిల్ల వెళ్లి చేతులు కడుక్కుని వచ్చింది. దగ్గరికి రమ్మంది. పిల్ల రెండడుగులు వేసి ఆగింది. అత్తమ్మ ముందుకు వంగి దాని చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి తెరిచి, తన మెడ మీది తెల్లగుడ్డ ముందు, తాకీ తాకకుండా పెట్టుకుంది. పిల్ల నావైపు బెదురుగా చూసింది. వెళ్లి విడిపించబోయి ఆగాను.

చెప్పు, అని అత్తమ్మ గడ్డం ఎత్తింది.

"పూజిత టీచర్... బోర్డు మీద కప్పను గీసింది."

గుడ్డ కదిలింది. అక్షర తన అరచెయ్యిని చూసుకుంది. మళ్లీ అక్కడే పెట్టింది.

"దానికి తోక గీసింది."

ఈసారి గుడ్డ గట్టిగా ఎగిరింది. పిల్ల కిలకిలా నవ్వింది. "అమ్మా! నాయినమ్మ ఊ కొడ్తున్నది! గాలి వస్తున్నది సూడు, వెచ్చగ!" ఇంకా దగ్గరికి జరిగింది. "కప్పకు తోక ఉండదు టీచర్ అని నేనే చెప్పిన." పొడుగ్గా ఒక ఊపిరి వచ్చింది. "నువ్వు నమ్ముతలేవు గద? ఒట్టు నాయినమ్మా!" పొట్టిగా ఇంకొకటి. ఒక చెయ్యి గుడ్డ దగ్గరే ఉంచి రెండో చెయ్యి తిప్పుతూ టీచర్‌నీ కప్పనీ మొత్తం బడినీ చెప్పేసింది. అయిపోయాక ఆడుకోవడానికి వీధిలోకి పరుగెత్తింది.

నేను సోల్డర్ గన్ వైరు పీకేసి, చేతులు కడుక్కుని వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను.

"అత్తమ్మా, నీ ఊఁలు చాన ఉండె," అన్నాను. "గొంగడి కింద అన్నవు, యాదికున్నదా? అన్ని నా చేతులనే ఉండె."

ఆమె నన్నే చూస్తోంది. డబ్బా కోసం వెతకలేదు. కాలిన మచ్చలున్న నా చేతిని తీసుకుని తెరిచి, గుడ్డ ముందు పెట్టుకుంది.

నా అరచేతికి వెచ్చటి గాలి తగిలింది. చెప్పమంటోంది. మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.